కార్యదర్శి నివేదిక: 70,835 డాలర్ల వెనక కథ

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. తెలుగు బడి నడుస్తోంది. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా ఇచ్చారు కాబట్టి వాటి జోలికి వెళ్ళను. ఈసారి ఎక్కువ చోటు చందా రాయితీ సంగతికే, అంటే ఆదాయం తక్కువున్న సభ్యులకు మన సంఘం చందాలో ఇచ్చే తగ్గింపు సంగతికి.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు లేచి అడిగింది మీకు గుర్తుండే ఉంటుంది. "మా ఇంట్లో నలుగురం. ఏడాదికి వచ్చేది 72 వేలు. కాలిన్ కౌంటీలో ఈ డబ్బుతో బతుకుతుంటే రాయితీ ఎందుకు రాదండీ?" నియమావళి తీసి చూస్తే హద్దు 70,835 డాలర్లని ఉంది. ఆ అంకె ఎక్కడిదో వేదిక మీద ఉన్న మాకెవరికీ తెలియదు. తర్వాత తవ్వితే బయటపడింది: 2000 అమెరికా జనాభా లెక్కల్లో (సెన్సస్) టెక్సస్‌లోని మన కాలిన్ కౌంటీ గృహ ఆదాయపు మధ్యగతం అది. అదీ 1999లో సంపాదించిన డబ్బు.

సరే, కొత్త అంకె చూసి మార్చేస్తే పోతుందనుకున్నాం. ముగ్గురితో కమిటీ వేస్తే ఆ పనికి ఏడాది పట్టింది.

మధ్యగతం అంటే ఇళ్ళన్నిటినీ ఆదాయం కొద్దీ వరుసలో నిలబెట్టినప్పుడు సరిగ్గా నడుమ నిలిచిన ఇంటి ఆదాయం. సగటు వేరు. కంపెనీ అమ్ముకున్నాయన ఒకాయన వీధిలోకి వస్తే సగటు ఎగిరిపోతుంది, నడుమ ఇల్లు మాత్రం పెద్దగా కదలదు.

మొదటి నెలే మేం తప్పులో కాలేశాం. "గృహం" అన్న వరుస బదులు "కుటుంబం" అన్న వరుస చదివాం. 2000లో మన కౌంటీ కుటుంబ మధ్యగతం 81,856. అంటే 11 వేల తేడా! సెన్సస్ వాళ్ళకు కుటుంబమంటే చుట్టరికం ఉన్నవాళ్ళు, గృహమంటే ఒకే తలుపు వెనక ఉండేవాళ్ళందరూ. అపార్ట్‌మెంట్లో నలుగురు బ్యాచిలర్లు కలిసి ఉంటే నలుగురి జీతాలూ కలిపి ఒకే గృహ ఆదాయం. ఒంటరిగా ఉండే పెద్దావిడ పెన్షనూ ఒక గృహ ఆదాయమే. మన పాత నిబంధనలో "కుటుంబ ఆదాయం" అని రాసి గృహం అంకె వేశారు!

2000 తర్వాత ఆదాయం అడిగే పొడుగు ఫారం పోయింది. దాని బదులు 2005 నుంచి సెన్సస్ వాళ్ళ అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఏడాది పొడవునా జరుగుతోంది. ఇప్పుడు ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు ఫారం వెళ్తుంది. (మీ ఇంటికి వస్తే మోసమనుకొని చెత్తబుట్టలో పడేయకండి. జవాబివ్వడం చట్టప్రకారం తప్పనిసరి.) జనాభా 65 వేలు దాటిన ఊళ్ళకే ఏటేటా పూర్తి అంచనాలు ఇస్తారు. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వాళ్ళకు ఇబ్బంది లేదు. ప్రాస్పర్, సెలీనా లాంటి చిన్న ఊళ్ళు ఐదేళ్ళు కలిపి వేసే అంచనా మీద ఆధారపడాల్సి వచ్చింది. అందులో 2018–22ను 2019–23తో పోల్చకూడదు, నాలుగేళ్ళు రెంటికీ ఉమ్మడి. 2019–23ను 2014–18తో పోల్చాలి. ఒక్క 2020 ఏడాది లెక్క మీద ఆధారపడలేం. కోవిడ్ వల్ల జవాబులు తగ్గి మామూలు పట్టికలే రాలేదు. పైగా ప్రతి అంకె పక్కనా ఇంత అటూ ఇటూ అని రాసి ఉంటుంది. చిన్న ప్రాంతాల్లో ఆ అటూ ఇటూ వేలల్లో ఉంటుంది. బాగా కలిగిన పేటల్లో మధ్యగతం 2,50,000 దాటితే "2,50,000 పైన" అని ఊరుకుంటారు.

అసలు ఆశ్చర్యం ధరల దగ్గర. 1999 నుంచి 2023కు వినియోగ ధరల సూచీ (జనం కొనే వాటి ధరలు ఎంత పెరిగాయో చూపే అంకె) 166.6 నుంచి 304.7కు పెరిగింది. ఆ లెక్కన పాత 70,835 అంటే 2023 డాలర్లలో దాదాపు 1,29,500. కౌంటీ 2019–23 అంచనా 1,20,000 లోపే ఉంది. దేశం మొత్తానికి పాత 41,994ను అలాగే మారిస్తే సుమారు 76,800, కొత్త అంచనా 78,538. అంటే దేశం కాస్త ముందుకు జరిగింది, మన కౌంటీ నడుమ ఇల్లు కాస్త వెనక్కి. ధరల సంగతి వదిలేసి ఉత్త డాలర్ల తేడా చూస్తే మాత్రం మనదే పెద్ద పెరుగుదల అనిపిస్తుంది.

మనం పేదవాళ్ళమైపోయామని మాత్రం దీనర్థం కాదు. 2000లో కౌంటీ జనాభా 4,91,675, 2020లో 10,64,465. అప్పుడు నడుమ నిలబడ్డ ఇల్లు వేరు, ఇప్పుడు నిలబడ్డ ఇల్లు వేరు. ఈ మధ్యలో వచ్చి వరుసలో చేరిన వాళ్ళలో మనమూ ఉన్నాం.

రాయితీ హద్దును కౌంటీ గృహ మధ్యగతంలో 80 శాతంగా పెట్టాలని, ఐదేళ్ళకోసారి కొత్త అంచనాతో సవరించాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. "అంతమందికి తగ్గిస్తే హాలు అద్దె ఎవరు కడతారు?" అని కోశాధికారి గారు 60 శాతం అంటున్నారు. వచ్చే సమావేశంలో ఓటు మీది. ఇంట్లో మనుషుల సంఖ్యను బట్టి హద్దు మార్చాలా అన్నది మాలో మాకే తెగలేదు, దానిమీదా చర్చ పెడదాం.

ఆ సభ్యురాలికి ఈ ఏటి చందాలో రాయితీ సొమ్ము వెనక్కి ఇచ్చేశాం.