వార్షిక నివేదిక: నిపుణుల్ని ఏం అడగాలి, ఎలా అడగాలి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ఎక్కువ సమయం ఒకే పనికి ఇచ్చింది. వార్డులో తీర్మానం చేసే ముందు, ప్రజాభిప్రాయ సేకరణలో మైకు పట్టుకునే ముందు, ఓటు వేసే ముందు తెలిసినవాళ్ల దగ్గర మనం ఎలా నేర్చుకోవాలన్నదే ఆ పని. దారి చూపినవాళ్లు మన రైతులే. 2001లో మెదక్ జిల్లా అల్గోల్‌లో జరిగిన ‘ప్రజాతీర్పు’లో జ్యూరీ సభ్యులు ఎక్కువగా సన్నకారు రైతులు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల ప్రతినిధులు అప్పటి రాష్ట్ర ప్రభుత్వ అభివృద్ధి ప్రణాళిక ‘విజన్ 2020’ మీద సాక్ష్యం చెబితే విని, నిలదీసి, తీర్పు ఇచ్చారు.

మనం తీసుకున్న అంశం విశాఖ ఆర్‌కే బీచ్ కోత. చీటీలు తీసి 24 మందిని ఎంపిక చేశాం, అందులో సగం మహిళలు. పని మానుకుని వచ్చినవారికి ఆ రోజు కూలి సంఘమే ఇచ్చింది. అది ఇవ్వకపోతే కుర్చీల్లో పెన్షనర్లే మిగులుతారు.

మొదటి సమావేశంలో అందరి నోటా ఒకటే ప్రశ్న: అలల్ని ఆపే గోడ కట్టాలా, వద్దా? ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీయాలి. ఇసుక ఎటు పోతోంది, గోడ కడితే ఏమవుతుందన్నది నిపుణులు చెప్పాలి. ఏడాది మొత్తం మీద మన తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఔటర్ హార్బర్ బ్రేక్‌వాటర్లు (అలల్ని ఆపే గట్లు) దాన్ని అడ్డుకుంటాయి, అందుకే డ్రెడ్జర్‌తో తవ్విన ఇసుకను బీచ్ మీదికి పంపు చేస్తుంటారు. గోడను కొట్టిన అల వెనక్కి మళ్లుతూ దాని పునాది దగ్గరి ఇసుకను తోడేస్తుంది. గోడ ఆగిపోయిన చోట, ఉత్తరం వైపున, కోత ఇంకా పెరుగుతుంది.

మరి బీచ్ రోడ్డు నిలవడం కోసం అవతలి జాలరిపేట తీరం పోయినా ఫర్వాలేదా? ఇది ఏ ఇంజనీరూ తేల్చలేడు, మనమే తేల్చుకోవాలి. ఒడ్డున నిలబడి లాగే అలివి వల లాగాలంటే ఇసుక తీరం ఉండాలి. అందుకని మత్స్యకారుల్ని కూడా సాక్షులుగానే పిలవాలి.

నిపుణుడు ఒక్కడే వస్తే ఆయన మాటే వేదమైపోతుంది. భిన్నాభిప్రాయాలున్న ఇద్దర్ని ఒకే పూట పిలవండి, ఒక్కొక్కరికి 20 నిమిషాలు. తరవాత ఆరుగురేసి కూర్చుని పది నిమిషాలు మాట్లాడుకుని ప్రశ్నలు చీటీల మీద రాయాలి. నేరుగా మైకు ఇస్తే ముందు లేచిన ఇద్దరు ముగ్గురితోనే సమయం అయిపోతుంది. తుది చర్చప్పుడు నిపుణులు గదిలో ఉండకూడదు. ఉంటే ‘సార్ ఏమంటారో’ అని అందరి చూపూ అటే.

నిపుణుడు ‘కాలుష్యం పరిమితి లోపలే ఉంది’ అంటే ఏ పరిమితి అని అడగండి. గాలిలో పీఎం10కి (సన్నటి ధూళి కణాలకు) 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఏడాది సగటు పరిమితి 60. రోజూ 90 నమోదైతే ఏ రోజుకారోజు పరిమితిలోనే ఉన్నట్టు, ఏడాది లెక్కలో మాత్రం ఒకటిన్నర రెట్లు!

పర్యావరణ అనుమతుల ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు వచ్చిన మొదటి వారంలోనే కలెక్టరేట్‌కు వెళ్లి పర్యావరణ ప్రభావ నివేదిక తెలుగు సారాంశంతో పాటు పూర్తి నివేదిక కూడా చూడాలి. కొలతలు ఏ నెలల్లో తీశారో ఉండేది పూర్తి నివేదికలోనే.

వచ్చే ఏడాది అంశం ముంపు, గెడ్డలు (వాగులు). చీటీల కోసం ఇంటికొక పేరు చొప్పున ఈ నెలాఖరులోగా కార్యదర్శికి అందజేయగలరు.