ఒక సైటు సొమ్ముతో మరో సైటు పనులు

సంపాదకులకు,

హనుమకొండ, కాజీపేట పరిసరాల్లో శ్లాబు పడ్డాక పని ఆగిన అపార్ట్‌మెంటు కనబడితే అందరూ స్టీలు, సిమెంటు ధరలనే నిందిస్తారు గానీ, చిన్న బిల్డర్లను ఎక్కువగా ముంచేది ఒక సైటుకు వచ్చిన అడ్వాన్సును మరో సైటు మేస్త్రీల కూలికో, ఇంకొక స్థలం బయానాకో మళ్లించే అలవాటేనని నా అభిప్రాయం. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు స్థలం, నిర్మాణ ఖర్చులకే వాడాలి. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో కట్టే ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గనుక చాలామంది ఈ నియమాన్ని పట్టించుకోరు. చేతిలో నిల్వ సొమ్ము లేని వారికే నిజానికి ఇది ఎక్కువ అవసరం. ఇక యజమాని నోటిమాటగా చెప్పే అదనపు పనులకు, అంటే గోడ జరపడం, టైల్స్ మార్చడం వంటి వాటికి, అప్పుడే రేటు రాయించుకోకపోతే ఆఖరి బిల్లు దగ్గర లాభమంతా తగాదాలోనే పోతుంది. చిన్న బిల్డర్లకు సైటువారీ ఖాతాల నిర్వహణపై స్థానిక బిల్డర్ల సంఘాలు శిక్షణ ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక సివిల్ ఇంజినీరు, హనుమకొండ