అమ్మలుకి, ఎడిన్‌బరో నుంచి

అమ్మలూ,

ఇక్కడ అందరం కులాసా. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, మెసేజ్ పెడితే నీలం గీతలు పడుతున్నాయి గానీ జవాబు రావడం లేదు. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకుంటావని కాగితం తీశాను.

మీ అమ్మ కాలినొప్పి తగ్గింది. చరణ్‌గాడు లెక్కల పరీక్ష బాగానే రాశానంటున్నాడు, ఫలితం వస్తే గానీ నమ్మను. తెనాలి నుంచి నాయనమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అమ్మలు మోకాలికి నువ్వులనూనె రాసుకుంటోందా అని అడుగుతోంది. కుట్లు పడ్డచోట అలాంటివి రాయకూడదమ్మా అంటే వినదు. నువ్వు మాత్రం డాక్టరు చెప్పింది తప్ప ఏదీ రాయకు. చలి బాగా ఉంది. పొద్దున్నే డ్యూటీకి వెళ్తుంటే గోర్గీ రోడ్డు పొడుగునా డిస్టిలరీ నుంచి ఉడికిన ధాన్యం వాసన. చిన్నప్పుడు నువ్వు ముక్కు మూసుకుని నడిచేదానివి.

ఆదివారం శారదత్తయ్య ఫోన్ చేసింది. మాటల్లో మాటగా, అమ్మలు గోల్‌కీపర్ గ్లవ్స్ అమ్మకానికి పెట్టిందట, ఫిజియో దగ్గరికి కూడా వెళ్ళడం లేదట అంది. నేను గుచ్చిగుచ్చి అడగలేదు. అసలే రాజమండ్రి గొడవప్పటి నుంచి ఆవిడ మాట ఎంతవరకు తీసుకోవాలో మనకి తెలుసు. సరే, ఆ సంగతి అలా ఉంచు.

మొన్న మ్యాచ్ రోజు టైన్‌కాసిల్ ఫుట్‌బాల్ స్టేడియం ముందు ట్రాఫిక్‌లో నా బస్సు ఆగిపోయింది. మెరూన్ స్కార్ఫులు వేసుకున్న జనం రోడ్డంతా నిండిపోయారు. ముందు సీట్లో ఒక పెద్దాయన మనవడికి గోల్‌కీపర్ క్రెగ్ గోర్డన్ గురించి చెబుతున్నాడు, అతను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే అని. నేను స్టీరింగ్ మీద చెయ్యి పెట్టుకుని అంతా విన్నాను. ఇంటికొచ్చి మీ అమ్మకి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. నీకూ చెప్పాలనిపించింది. గోల్‌కీపర్ కథ గోల్‌కీపర్‌కి కాకపోతే ఎవరికి చెబుతాను?

గోర్డన్ మన ఊరి క్లబ్బు హార్ట్స్‌లో పైకొచ్చాడు. 2004 మేలో స్కాట్లాండ్‌కి మొదటి మ్యాచ్, ట్రినిడాడ్ అండ్ టొబాగో మీద. 2006లో స్కాటిష్ కప్ ఫైనల్లో గ్రెట్నా మీద పెనాల్టీల్లో గెలిచారు, గోల్లో అతనే. మరుసటేడు నువ్విప్పుడు ఉన్న ఊరికే వెళ్ళాడు. సండర్లాండ్ వాళ్ళు 90 లక్షల పౌండ్లు పెట్టి కొనుక్కున్నారు. బ్రిటన్‌లో అప్పటిదాకా ఏ గోల్‌కీపర్‌కీ అంత ఇవ్వలేదు. నీ గదికి దగ్గర్లోనే కదా ఆ స్టేడియం, ఒకసారి వెళ్ళి చూడు. అక్కడే 2010 డిసెంబరులో బోల్టన్ మీద ఒక బంతి ఆపాడు. జాట్ నైట్ గోలు ముందు నిలబడి కొట్టాడు, జనం గోల్ అని లేచేశారు. ఇతను పడిపోతూనే చెయ్యి విసిరి దాన్ని బయటికి తోసేశాడు. రెండేళ్ళ తర్వాత ప్రీమియర్ లీగ్ మొదటి 20 సీజన్లలోకీ అదే గొప్ప సేవ్ అని ఎన్నుకున్నారు. ఆ సేవ్‌కి ముందేడు డిఫో అనే ఆటగాణ్ణి ఢీకొని చెయ్యి విరిగినవాడే అది చేశాడమ్మా. విరిగి అతుక్కున్న శరీరంతో చేశాడు.

ఆ తర్వాత మోకాలు. చిప్ప కింద ఉండే టెండన్, ఎముకని పట్టుకునే తాడు లాంటిది. అది ఎంత మొండిదో నాకంటే నీకే బాగా తెలుసు. 2012లో కాంట్రాక్టు అయిపోతే సండర్లాండ్ వదిలేసింది. వయసు 29. గోల్‌కీపర్‌కి అసలు ఆట మొదలయ్యే వయసు అంటారు. అప్పటి నుంచి రెండేళ్ళు ఏ క్లబ్బూ లేదు. రెండేళ్ళంటే మాటలా అమ్మలూ! అంత ఖరీదు పలికినవాడు డంబార్టన్ లాంటి చిన్న క్లబ్బుకి వెళ్ళి పిల్ల గోల్‌కీపర్లకి నేర్పించాడు, టీవీలో కూర్చుని పక్కవాళ్ళు ఆడే మ్యాచ్‌ల గురించి మాట్లాడాడు. కొన్నాళ్ళకి రేంజర్స్ వాళ్ళతో ప్రాక్టీసు చేశాడు, మోకాలు పట్టుకుంటుందో లేదో చూసుకోవడానికి. 2014 జులైలో సెల్టిక్ వాళ్ళు పిలిచారు. అప్పటి గోల్‌కీపర్ ఫ్రేజర్ ఫోర్‌స్టర్ ఆగస్టులో సౌతాంప్టన్ వెళ్ళిపోయాడు. ఇతను నిలబడ్డాడు. ఆ సీజన్ చివర పత్రికలవాళ్ళు ఆ ఏటి మేటి ఆటగాడు ఇతనే అన్నారు.

ఈ కథలో నన్ను పట్టుకున్నది ఆ సేవ్ కాదు, ఆ రెండేళ్ళు. టీవీలో మనం చూసేది తొంభై నిమిషాలు. అతను మాత్రం ఎవరూ చూడని పొద్దుల్లో మోకాలు ఎక్కడిదాకా వంగుతుందో, ఎక్కడ నొప్పి మొదలవుతుందో చూసుకుంటూ బతికి ఉంటాడు. ఏ ఒక్క సాయంత్రం విసుగొచ్చి గ్లవ్స్ ఎవరికో ఇచ్చేసి ఉన్నా తర్వాత కథంతా ఉండేది కాదు.

మోకాలు పూర్తిగా చాపగలుగుతున్నావా? మంచం మీద పడుకుని మడమ కింద టవల్ చుట్ట పెట్టి తొడ బిగించడం మానకు. ఆపరేషన్ చేసిన కాలి తొడ సన్నబడిపోతుందని ఫిజియోనే చెప్పారుగా, టేపు పెట్టి కొలుచుకో. తొమ్మిది నెలల లోపు గోల్లో నిలబడనే కూడదన్నారు. అంటే తొందరేమీ లేదు. తొందర లేనప్పుడు తేల్చేసుకోవడానికి మాత్రం ఎందుకు తొందర? ఏదన్నా నిర్ణయించుకోవాలంటే కాలు మామూలుగా నడుస్తున్న రోజున నిర్ణయించుకోవాలి. మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకున్న రోజున కాదు. ఉపన్యాసం ఇవ్వనని మీ అమ్మకి మాటిచ్చాను, అయినా ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. టైముకి తిను. ఒక పూట నూడుల్స్, ఒక పూట ఏమీ లేదు అంటే ఎముక కండ ఎక్కడి నుంచి వస్తాయి? గుడ్లు తిను, పెరుగు తిను. రాత్రి రెండింటిదాకా ఫోన్ చూడకు, నిద్రలోనే ఒళ్ళు బాగుపడేది. ఆ తడి జీన్స్‌తో తిరగకు.

గోర్డన్ సంగతి ఇంకా అయిపోలేదు. సెల్టిక్‌లో వరసగా లీగులు గెలిచాడు. చివర్లో ఫోర్‌స్టర్ తిరిగొస్తే బెంచి మీద కూర్చున్నాడు. 2020లో మళ్ళీ మన హార్ట్స్‌కి వచ్చాడు. జట్టు అప్పుడే కింది డివిజన్‌కి పడిపోయింది, అయినా వచ్చాడు. మరుసటేడు పైకి తెచ్చారు, అతన్ని కెప్టెన్ చేశారు. 2022 క్రిస్మస్ ముందు రోజు టానడైస్ స్టేడియంలో డండీ యునైటెడ్‌తో మ్యాచ్. బంతి కోసం ముందుకొచ్చి స్టీవెన్ ఫ్లెచర్‌ని ఢీకొన్నాడు. కాలు రెండుచోట్ల విరిగింది. ఇంకో వారంలో 40 నిండుతాయి. నువ్వు ఆ రోజు సోఫాలో కూర్చుని దిండు మొహానికి అడ్డం పెట్టుకున్నావు, మీ అమ్మ టీవీ కట్టెయ్యమంది. ఇక ఆడడని నేను గట్టిగానే అనుకున్నాను, బస్సు డిపోలోనూ అందరూ అదే మాట. ఏడాది దాటాక, 2024 జనవరిలో, స్పార్టన్స్ మీద కప్ మ్యాచ్‌లో మళ్ళీ గోల్లో ఉన్నాడు.

ఆ జూన్‌లో ఫిన్లాండ్ మీద ఆడి, స్కాట్లాండ్ తరఫున ఆడిన అందరిలోకీ పెద్ద వయసువాడు అనిపించుకున్నాడు. అంతకు ముందు ఆ పేరు డేవిడ్ వియర్‌ది. కానీ యూరో కప్పుకి జర్మనీ వెళ్ళే చివరి జట్టులోంచి పేరు తీసేశారు. 41 ఏళ్ళకి అది మామూలు దెబ్బ కాదు. అక్టోబరులో మళ్ళీ పిలిచారు. హాంప్‌డెన్ స్టేడియంలో పోర్చుగల్, ఎదురుగా రొనాల్డో. మ్యాచ్ 0-0.

2025 నవంబరు 18న డెన్మార్క్ మ్యాచ్ నువ్వూ చూసే ఉంటావు. ఆ సీజన్ క్లబ్బులో గోల్లో వేరే అతను నిలబడుతున్నాడు. దేశానికి అవసరమొస్తే 42 ఏళ్ళవాడు వచ్చి నిలబడ్డాడు. మెక్‌టొమినే మూడో నిమిషంలో గాల్లో పల్టీ కొట్టి గోల్ వేశాడు. ఆట ఆఖర్న టియర్నీ ఒకటి, మెక్‌లీన్ సగం మైదానం నుంచి ఇంకొకటి. 4-2. 1998 తర్వాత మళ్ళీ ప్రపంచ కప్పుకి అర్హత సంపాదించారు. చరణ్‌గాడు అరిచిన అరుపుకి పైవాళ్ళు నేల తట్టారు. మొదటి మ్యాచ్‌కీ దీనికీ మధ్య 21 ఏళ్ళు. ఆ రాత్రి నీకు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. బయట ఉన్నావేమో అనుకున్నాను.

నువ్వు గొప్ప క్రీడాకారిణివి కావాలని ఇదంతా రాయడం లేదు. కాలేజీ టీమ్‌కి ఆడు, మానెయ్, నాకు ఏదైనా ఒకటే. కానీ ఆట గురించి మాట్లాడటం, మాతో మాట్లాడటం రెండూ ఒకేసారి ఆగిపోయాయి. అది నాకు భయంగా ఉంది. ఆ నీలం గ్లవ్స్ నువ్వు స్నానాల గదిలో గోరువెచ్చని నీళ్ళతో కడిగి, హీటర్‌కి దూరంగా ఆరబెట్టేదానివి, దగ్గర పెడితే అరచేతి లేటెక్స్ పగిలిపోతుందని. ఎడం చేతిది బొటనవేలి దగ్గర అప్పటికే పొట్టు లేచింది. అలాంటివి ఎవరు కొంటారు? నిజంగా పెట్టి ఉంటే వెనక్కి తీసెయ్. డబ్బు కావాలంటే అడుగు, అడగడానికి మొహమాటమేంటి?

గోంగూర పచ్చడి, కారప్పొడి, మీ అమ్మ కొన్న మోకాలి పట్టీ పార్సెల్ చేశాను. పట్టీ సైజు ఫిజియోకి చూపించాకే వాడు. మంగళ, బుధవారాలు నాకు సెలవు. ఎడిన్‌బరోలో రైలెక్కితే న్యూకాసిల్ గంటన్నర, అక్కడి నుంచి మెట్రోలో మీ ఊరు. ఫిజియో అపాయింట్‌మెంటు ఆ రెండు రోజుల్లో ఏదో ఒకదానికి తీసుకుని, టైము నాకు మెసేజ్ పెట్టు. లోపలికి రావద్దంటే రాను, బయట కుర్చీలో కూర్చుంటాను. అయ్యాక భోజనం చేసి సాయంత్రం రైలుకి వచ్చేస్తాను.

నాన్న