2024-25 వార్షిక నివేదిక: పండగ రోజుల్లో చెన్నైలోని మన తెలుగు సంఘం చేసిన సేవ, కార్యదర్శి రాసింది

సభ్యులందరికీ నమస్కారం.

సొసైటీ చట్టం ప్రకారం ప్రతి సంవత్సరం నివేదిక సభ ముందు పెట్టాలి కాబట్టి పెడుతున్నాం, కానీ ఒక్క ఫార్మాలిటీ కోసమే అయితే రెండు పేజీల్లో అయిపోయేది. దసరా నుంచి సంక్రాంతి దాకా మనవాళ్ళు కొంతమంది పడ్డ కష్టం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి అనిపించింది, అందుకే కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీ అందరికీ తెలిసిందే, మళ్ళీ రాయట్లేదు.

ముందు థాంక్స్ చెప్పేస్తాను. హాల్ అద్దె తీసుకోకుండా మూడు నెలలు మూటలు పెట్టుకోనిచ్చిన కల్యాణ మండపం ఓనరు గారికి, అడిగిన ప్రతిసారీ మినీ వ్యాన్ పంపిన మడిపాక్కం కిరాణా హోల్‌సేల్ అన్నగారికి, ఆయన డ్రైవర్‌కి, దుప్పట్లు కొన్న ధరకే ఇచ్చిన షావుకారు గారికి, పులిహోర పెరుగన్నం వండి పంపిన రెండో వీధి అత్తయ్యలందరికీ, పాంప్లెట్లు ఉచితంగా వేసిచ్చిన ప్రింటింగ్ ప్రెస్ తమ్ముడికి, తమిళంలో లెటర్లు రాసిపెట్టిన మన పక్కింటి తమిళ మాస్టారుకి, ఆయన మన మెంబర్ కూడా కాదు, అందరికీ సంఘం తరఫున చేతులెత్తి నమస్కారం. పేర్లు ఇక్కడ రాయట్లేదు, ఒక్కరి పేరు మర్చిపోయినా వాళ్ళు బాధపడతారు నాకూ నిద్రపట్టదు. లిస్ట్ మొత్తం వేదిక మీద చదువుతాం.

దసరా సంగతి. అక్టోబర్ 2 నుంచి 8 వరకు దేశమంతా దాన్ ఉత్సవ్ అని దానాల వారం జరుపుతారు, 2009లో మొదలైంది, 2024లో 3వ తారీఖునే నవరాత్రులు కూడా మొదలయ్యాయి కాబట్టి రెండూ కలిసొచ్చాయని పాత బట్టల సేకరణ పెట్టాం. 64 మూటలు వచ్చాయి. మంచిదే, కానీ విప్పి చూసిన వాళ్ళని అడగండి. హుక్కులు ఊడిన జాకెట్లు, ఒంటి సాక్సులు, చిరిగిన లుంగీలు, ఒక మూటలో అయితే తడి టవల్ అలాగే చుట్టి పెట్టారు, మిగతా బట్టలన్నిటికీ బూజు పట్టింది. ఇంట్లో నేల తుడవడానికి కూడా పనికిరానిది ఇంకొకరికి ఎలా ఇస్తామండీ? ఆరుగురు ఆడవాళ్ళు మూడు రాత్రులు కూర్చుని ఏరితే 64లో 37 మూటలు మిగిలాయి. అందులోనే ఒక వెంకటగిరి చీర వచ్చింది, ఉతికి ఇస్త్రీ చేసి ఫాల్ కుట్టించి మడతలో జాకెట్ ముక్క కూడా పెట్టి. ఇచ్చింది ఎవరో తెలియదు, చీటీ లేదు. ఆ చీర చూశాక ఏరే వాళ్ళకి మిగతా రెండు రాత్రులు విసుగు రాలేదు అన్నారు.

పంచే లోపలే వాన. అక్టోబర్ 15 గుర్తుంది కదా, కార్లు మునుగుతాయని ముందు రోజు నుంచే వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద జనం కార్లు వరసగా పెట్టేసుకున్నారు. మన మూటలు మండపంలో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నాయి. రాత్రి పదకొండింటికి ముగ్గురు కాలేజీ పిల్లలు వచ్చి 37 మూటలూ భుజాల మీద మేడెక్కించారు, ఒక్కటి కూడా తడవలేదు. గ్రూప్‌లో ఆ రాత్రి 200 మంది మెసేజ్ చూసినట్టు నీలం టిక్కులు ఉన్నాయి, వచ్చింది ముగ్గురు. ఇంతకంటే రాయను.

నవంబర్ 30న పెరుంబాక్కం హౌసింగ్ బోర్డ్ ఇళ్ళలో చాపలు దుప్పట్లు ఇద్దామని డేట్ పెట్టుకుంటే అదే రోజు ఫెంగల్ తుఫాను, ఎయిర్‌పోర్టే మూసేశారు, ఇంక మన వ్యాన్ ఏం కదులుతుంది. తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది, మనకంటే విళుప్పురం వైపు చాలా దెబ్బతింది, మైలంలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల పైన వాన పడింది. కమిటీలో గంటన్నర వాదన తర్వాత 200 దుప్పట్లలో సగం అటు పంపాం, మిగతా సగం డిసెంబర్ 7న పెరుంబాక్కంలో ఇచ్చాం. పెరుంబాక్కం వాళ్ళకి మాటిచ్చి సగమే ఇచ్చారని కొందరు సభ్యులు నన్ను అడిగారు. మాటిచ్చింది నిజమే, ఆ సగం ఈ సంవత్సరం వానలకి ముందే పూర్తి చేయాలి, ఇది నా బాధ్యతగా రాసుకుంటున్నాను.

డిసెంబర్ 15న మైలాపూర్‌లో అమరజీవి పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952లో ప్రాణం వదిలిన ఇంటికి వెళ్ళి దండ వేసి వచ్చాం. ఆదివారమే, అయినా 11 మందిమే.

క్రిస్మస్‌కి పిల్లల హోమ్. ఇది అందరూ వినాల్సిన విషయం. కేక్, పెన్సిల్ బాక్సులు, కొత్త బట్టలు తీసుకుని 24న వెళ్ళాం, వార్డెన్ అమ్మ గారు మర్యాదగా లోపలికి తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసి చూపించారు. అప్పటికే తొమ్మిది కేకులు. పిల్లలు పొద్దున్నుంచి తిని తిని ఇద్దరికి వాంతులు. "మీరందరూ మంచి మనసుతోనే వస్తారు సార్, కానీ అందరూ ఈ పది రోజుల్లోనే వస్తారు, ఫిబ్రవరిలో నాకు నూనె డబ్బా కొనడానికి డబ్బులుండవు" అని ఆవిడ అన్నప్పుడు మా దగ్గర జవాబు లేదు. మన కేక్ పక్కనే ఉన్న ఆటో స్టాండ్‌లో పంచేసి, అక్కడికక్కడే రాసుకున్నాం, హోమ్‌కి ఏం కావాలో నెలవారీగా: నూనె, కందిపప్పు, ఆడపిల్లలకి ప్యాడ్లు, పదో తరగతి వాళ్ళకి లెక్కలు చెప్పేవాళ్ళు. ఫిబ్రవరి, మార్చి సరుకులు వెళ్ళాయి. లెక్కలు చెప్పడానికి ఒక రిటైర్డ్ బ్యాంకు ఆఫీసర్ గారు ప్రతి శనివారం వెళ్తున్నారు, ఒక్క వారం మానలేదు, మోకాలి నొప్పితో రెండు బస్సులు మారి.

ఫోటోల గొడవ గురించి కూడా చెప్పాలి. పిల్లలతో ఫోటో తీయనివ్వలేదని కొందరు దాతలు అలిగారు, డబ్బులిచ్చి ఒక ఫోటోకి కూడా నోచుకోలేదా అని నాకు ఫోన్లు. అలాంటి హోమ్‌లో ఉన్న పిల్లల ముఖం, పేరు బయటికి తెలిసేలా వేయడం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం, జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. వార్డెన్ గారు చేసింది సరైన పని. చట్టం లేకపోయినా, మన పిల్లాడు అన్నం ప్లేటు పట్టుకుని ఎవరి పక్కనో నిలబడ్డ ఫోటో వందమంది ఫోన్లలో తిరిగితే మనం ఒప్పుకుంటామా?

ఇప్పుడు ఈ సంవత్సరం నేను గర్వంగా చెప్పుకునే పని, ఆసుపత్రిలో తెలుగు బల్ల.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి చెన్నై ఆసుపత్రులకి వచ్చేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు, సూళ్ళూరుపేట నుంచి తెల్లవారుజామున లోకల్ ఎక్కి సెంట్రల్‌లో దిగుతారు, తమిళం ఒక్క ముక్క రాదు. క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లో బడి ఉండదని పిల్లల్ని తీసుకుని ఇంకా ఎక్కువ వస్తారు. అందుకే ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ దగ్గర బల్ల వేసుకుని తెలుగులో దారి చెప్తాం, ఫారాలు నింపిపెడతాం, డబ్బులు అడగం, బ్యానర్ కట్టం అని అక్టోబర్ మొదటి వారంలో లెటర్ ఇచ్చాం. పర్మిషన్ వచ్చింది డిసెంబర్ 20. మధ్యలో నేను, ఉపాధ్యక్షులు ఐదుసార్లు వెళ్ళాం. ఒకసారి ఆఫీసర్ లీవ్, ఒకసారి లెటర్ సెక్షన్‌లో కనపడలేదు మళ్ళీ ఇవ్వండి అన్నారు, ఒకసారి మూడు గంటలు నిలబెట్టి రేపు రండి. ఉచితంగా పని చేస్తాం అనేవాళ్ళని ఇంత తిప్పాలా? చివరికి పనైంది ఒక హెడ్ నర్స్ గారి వల్ల, ఆవిడే ఫైల్ చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళారు, ఆవిడకి ఎప్పటికీ రుణపడి ఉంటాం.

డిసెంబర్ 26 నుంచి జనవరి 11 వరకు, ఆదివారాలు జనవరి 1 తీసేస్తే 14 రోజులు, పొద్దున ఏడున్నర నుంచి. మడత బల్ల మేమే మోసుకెళ్ళాం. పుస్తకంలో రాసుకున్న ప్రకారం 312 కుటుంబాలకి సాయం చేశాం.

రెండో రోజు జరిగింది చెప్తాను. మధ్యాహ్నం ఒంటిగంటన్నర, మన టీచరమ్మ గారు బల్ల సర్దేస్తున్నారు, కౌంటర్ ఎదురుగా నేల మీద ఒక అమ్మాయి ఒళ్ళో మూడేళ్ళ బాబుని పడుకోబెట్టుకుని కూర్చుని ఉంది. ఇంకా పని అవలేదా అమ్మా అంటే, "నాలుగింటికి రమ్మన్నారక్కా, ఇంకెంత, రెండున్నర గంటలేగా" అంది. చీటీ తీసి చూస్తే దాని మీద మర్నాటి తేదీ. కౌంటర్‌లో చెప్పింది "నాళైక్కి వాంగ" అని. నాళైక్కి అంటే రేపటికి, ఈ పిల్ల చెవికి అది నాలుగుకి అని పడింది. పొద్దున తొమ్మిది నుంచి అక్కడే ఉంది. అంతేకాదు, రేపు "వెరుం వయిత్తుల" తీసుకురమ్మన్నారు, అంటే పరగడుపున, అది అసలు అర్థమే కాలేదు, టీచరమ్మ గారు చూడకపోతే పొద్దున్నే ఇడ్లీ పెట్టి తెచ్చేది, పరీక్ష ఇంకో రోజు వాయిదా పడేది, ఇంకో రోజు కూలి పోయేది. టీచరమ్మ గారు చీటీ వెనకాల పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిచ్చి, లోకల్ ఎక్కించి వచ్చారు. మర్నాడు ఎనిమిదింటికల్లా వచ్చింది, రక్తం తీయించుకున్నాక బిస్కెట్ ప్యాకెట్ మా బల్ల మీదే విప్పి బాబుకి తినిపించింది.

ఆ రోజు సాయంత్రమే కూర్చుని ఒక కాగితం తయారు చేశాం, తమిళ మాటలు తెలుగు అక్షరాల్లో. నాళైక్కి అంటే రేపు, వెరుం వయిరు అంటే పరగడుపు, ఇడదు పక్కం ఎడమ వైపు, వలదు పక్కం కుడి వైపు, మాడి అంటే మేడ మీద, కీళ అంటే కింద, చీట్టు అంటే చీటీ, ఊసి అంటే ఇంజెక్షన్. 500 కాపీలు మూడు రోజుల్లో అయిపోయాయి. నర్సులు వచ్చి మాకు కూడా కావాలి, మీవాళ్ళు నొప్పి అంటే మాకు తెలియట్లేదు అన్నారు, వాళ్ళకి తిరగేసి తమిళ అక్షరాల్లో ఇంకోటి వేశాం. ఆంధ్ర ప్రభుత్వం ఆరోగ్య కార్డు ఇక్కడ చెల్లుతుందా అని రోజూ అడిగేవాళ్ళు. చెన్నైలో ఎంపిక చేసిన కొన్ని ఆసుపత్రుల్లో కొన్ని చికిత్సలకి మాత్రమే, అందుకే ఆ కార్డు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించి కనుక్కుని చెప్పాం. ఇదే ఊళ్ళో 1937లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఆంధ్ర మహిళా సభ పెట్టారు, మన తెలుగు ఆడవాళ్ళ కోసం. మనం వేసింది ఒక మడత బల్లే, కానీ ఆ దారిలోనే వేశామని నా నమ్మకం.

అయితే ఇదీ చెప్పాలి. రోజుకి ఇద్దరు చొప్పున 28 డ్యూటీలు, పేర్లిచ్చింది 41 మంది, మొత్తం మోసింది 9 మంది. జనవరి 10 ముక్కోటి ఏకాదశి, ఆ రోజుకి పేరిచ్చిన ఇద్దరూ గుడికి వెళ్ళారు, వెళ్ళద్దని ఎవరూ అనరు, కానీ ముందు రోజు రాత్రి ఒక్క మెసేజ్ పెట్టొచ్చు కదా. ఆ రోజు టీచరమ్మ గారు జ్వరంతో ఒక్కరే కూర్చున్నారు. డబ్బు అడిగితే మనవాళ్ళు ఎప్పుడూ కాదనలేదు, అది గొప్పే, కానీ ఆ బల్ల దగ్గర డబ్బు కూర్చోదు కదండీ, మనిషి కూర్చోవాలి.

రక్తదానం జనవరి 26న, 23 యూనిట్లు. హిమోగ్లోబిన్ 12.5 లేక ఏడుగురిని వెనక్కి పంపారు, అందులో ఐదుగురు ఆడవాళ్ళు, దయచేసి డాక్టర్‌కి చూపించుకోండి. మగవాళ్ళు మూడు నెలలకి, ఆడవాళ్ళు నాలుగు నెలలకి మళ్ళీ ఇవ్వొచ్చు.

లెక్కలు: ప్రారంభ నిల్వ 61,240, చందాలు 1,86,000, విరాళాలు 3,42,500, ఖర్చు 5,11,300, మార్చి 31 నాటికి నిల్వ 78,440 రూపాయలు. ఆడిట్ అయింది, వివరాలు కోశాధికారి గారి దగ్గర. 80జి రసీదు, అంటే విరాళానికి ఆదాయపన్ను మినహాయింపు ఇచ్చే రసీదు అడిగేవాళ్ళకి, మనకి ఆ రిజిస్ట్రేషన్ లేదు, అప్లై చేయాలా వద్దా అన్నది ఈ సభలో పెడుతున్నాం. అది వచ్చినా 2,000 దాటి క్యాష్‌గా ఇస్తే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి అసలే లేదు.

వచ్చే సీజన్‌కి తెలుగు బల్ల ఆ 14 రోజులే కాదు, దసరా సెలవులకీ వేయాలని కమిటీ అనుకుంటోంది, లెటర్ ఈసారి జూలైలోనే ఇస్తాం. దానికి 20 మంది కావాలి. ఫోన్ గ్రూప్‌లో పేర్లు తీసుకోం. సభ రోజు వేదిక పక్కన టీచరమ్మ గారి దగ్గర రిజిస్టర్ ఉంటుంది, ఏ తారీఖు రాగలరో ఆ తారీఖు ఎదురుగా మీ చేత్తో రాసి సంతకం పెట్టండి, రాలేకపోతే మీ బదులు ఎవరొస్తారో ఆ పేరు కూడా అక్కడే రాయండి.

ఇట్లు,
కార్యదర్శి