విత్తన గొర్రు పనితనం వరి మాగాణిలోనే తేల్చాలి

సంపాదకులకు నమస్కారం.

వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న వేయడం కృష్ణా డెల్టాలో చాలామందికి అలవాటైన రబీ సేద్యం. తాడు పట్టి, కర్రతో గుంత చేసి గింజ నాటడానికి కూలీలు దొరకక రైతులు ట్రాక్టరు గొర్రు కొనడానికి ముందుకొస్తున్నారు. ఇలాంటి యంత్రాలను అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ పరీక్షిస్తుంది. ఆ పరీక్షలు ఎంతో అవసరం. అయితే ఎర్రనేలలో సాఫీగా నడిచిన గొర్రు, మోళ్లు నిలిచిన తడి నల్లరేగడిలోనూ అలాగే విత్తుతుందని అనుకోవడానికి వీల్లేదు.

గొర్రును నేలకు తగలకుండా నిలబెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పి చేసే పరీక్ష ఏ రైతైనా చేయించుకోగలిగినదే. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లుండే నాలుగు సాళ్ల గొర్రుకు చక్రం చుట్టుకొలత మీటరున్నర అనుకుంటే, 20 చుట్లకు 30 మీటర్లు నడిచినట్లు. 20 సెంటీమీటర్లకు ఒక గింజ చొప్పున ఒక్కో గొట్టం కింద కట్టిన సంచిలో 150 గింజలు పడాలి. ఏ గొట్టం తక్కువ పోస్తోందో, ఎన్ని గింజలు పగిలాయో అక్కడే తెలిసిపోతుంది.

చేలో కథ వేరు. చక్రం జారితే, దానితోపాటు తిరుగుతూ గింజలు వదిలే పళ్లెం తిరగక సాలు ఖాళీగా పోతుంది. గడ్డి చుట్టుకుంటే గొర్రు పైకి లేచి లోతు తప్పుతుంది. అన్నిటికన్నా నష్టం, బంకమట్టిలో చీల్చిన సాలు పూడకపోవడం: అంచులు నున్నగా నిలిచిపోయి, గింజ పైకి కనబడుతూ పిట్టల పాలవుతుంది. ఆ ఖాళీలో ఆలస్యంగా గింజ పెట్టినా, పక్క మొక్కల నీడలో అది సరైన కంకి వేయదు.

కనుక వ్యవసాయ శాఖ, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి డెల్టా మాగాణుల్లోనే ఈ గొర్రులను నడిపించి చూడాలని కోరుతున్నాను. మొలకలు మాత్రమే లెక్కిస్తే విత్తనం లోపమూ యంత్రం లోపమూ కలిసిపోతాయి. అందుకే విత్తిన వెంటనే సాలులో పది మీటర్ల మేర మట్టి తీసి, గింజ లోతునూ గింజల మధ్య దూరాన్నీ కొలవాలి. దూరం 30 సెంటీమీటర్లు దాటితే ఖాళీగా, 10కి తగ్గితే జంటగా లెక్కగట్టి, ఆ అంకెలను ప్రతి యంత్రానికీ విడివిడిగా రబీ విత్తుకు ముందే రైతు సేవా కేంద్రాల్లో ప్రదర్శించాలి. అమ్మినవారు కొన్న రైతు పొలంలో, అతని విత్తనంతోనే గొర్రును సరిచేసి చూపిన తర్వాతే రాయితీ సొమ్ము విడుదల చేయాలి.

— ఒక మొక్కజొన్న రైతు, గుంటూరు జిల్లా