బమాకోలో నాకోసం బండి ట్యాంకులోంచి పెట్రోలు తీసిన మనిషికి

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. నిద్ర సరిగ్గా పట్టట్లేదు. పట్టినా మధ్యలో లేచి ఫ్యాన్ తిరుగుతోందా లేదా అని చూసుకుంటున్నాను, కరెంటు ఉందంటే ఇంకా నమ్మకం కుదరట్లేదు. ఫోన్ చేసినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, అందుకే ఇక్కడ ఒక్కసారే రాసేస్తున్నా. జ్వరం తగ్గింది కానీ చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే ఏమనుకోకండి.

తెలియనివాళ్ళకి ఒక మాట. నేను జనరేటర్ మెకానిక్‌ని, మాది మిర్యాలగూడ పక్కన పల్లె. రెండేళ్ళుగా పశ్చిమ ఆఫ్రికాలో మాలీ దేశపు రాజధాని బమాకోలో ఒక కాంట్రాక్టర్ కింద సెల్ టవర్ల జనరేటర్లు చూసే పని చేశాను. మాలీ అంటే మాల్దీవులా అని అడిగేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. మాల్దీవుల్లో చుట్టూ సముద్రమే, మాలీకి అసలు సముద్రమే లేదు, చిక్కంతా అక్కడే వచ్చింది. డీజిలైనా పెట్రోలైనా సెనెగల్‌లోని డకార్ రేవు నుంచో, ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ నుంచో టాంకర్లలో వందల కిలోమీటర్లు రావాలి. 2025 సెప్టెంబర్‌లో జేఎన్ఐఎం వాళ్ళు, అంటే అల్ కాయిదాకి అక్కడి శాఖ అనుకోండి, ఇక మీదట టాంకర్లు రానివ్వమని ప్రకటించారు. అన్నట్టే దారి కాసి టాంకర్లు తగలబెట్టారు, మిలిటరీ ఎస్కార్ట్‌తో వస్తున్నవాటిని కూడా వదల్లేదు. రాజధాని మీదకి తుపాకులతో రావాల్సిన పనే లేకుండా పోయింది వాళ్ళకి. అక్టోబర్ వచ్చేసరికి బంకుల దగ్గర బండ్ల లైన్లు వీధులు దాటి వెళ్ళాయి, జనం అక్కడే పడుకునేవాళ్ళు. అక్టోబర్ 27 నుంచి నవంబర్ 9 దాకా దేశమంతా బడులూ కాలేజీలూ మూసేశారు. డీజిల్ లేకపోతే జనరేటర్ మెకానిక్‌కి పనేముంటుంది, రూములో కూర్చుని రించ్‌లు తుడుచుకున్నాను.

సరిగ్గా ఆ వారంలోనే నాకు మలేరియా. అక్కడ వానలు వెనకపట్టే రోజుల్లో అది మామూలే, రెండుసార్లు అంతకు ముందూ వచ్చింది, మాత్రలు మింగి పనికి పోయాను. ఈసారి అలా కాదు. సాయంత్రం చలి మొదలైంది, రాత్రి పది దాటేసరికి వాంతులు, కళ్ళు తిరగడం, గోడ కదులుతున్నట్టు కనిపించడం. రూమ్మేట్లు ఇద్దరూ సైటు దగ్గర ఇరుక్కుపోయారు, వచ్చే దారి లేదు. కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌కి ఆరుసార్లు ఫోన్ చేశాను, ఏడోసారికి ఎత్తి బండ్లో నూనె లేదు, పొద్దున చూద్దాం అన్నాడు. నూనె లేదన్న మాట నిజమే, దానికి తప్పు పట్టను. పొద్దున చూద్దాం అన్నదాన్ని మాత్రం జన్మలో మర్చిపోను.

ఎలాగో గోడలు పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా వచ్చాను. టాక్సీ కాదు కదా కుక్క కూడా లేదు రోడ్డు మీద. అక్కడే కూలబడ్డాను. అప్పుడు ఒక మనిషి మోటార్ సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నాడు. జకార్తా అంటారు అక్కడ ఆ చిన్న బండ్లని, ఎందుకో నాకు తెలీదు. యాభై ఏళ్ళుంటాయేమో, తలకి గుడ్డ చుట్టుకున్నాడు. బండి పాడైందేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ముందురోజు పొద్దున్నుంచీ లైన్లో నిలబడి, రాత్రి అక్కడే రోడ్డు మీద పడుకుని, ఆ సాయంత్రం ట్యాంకు నింపుకున్నాడట. నిండా పెట్రోలున్న బండిని ఇంటిదాకా తోసుకుంటూ పోతున్నాడు! ఆ పెట్రోలు మర్నాటి కిరాయికి కావాలి, ఇంటికి పోవడానికి ఎందుకు ఖర్చు చేయాలి అని.

నన్ను చూసి ఆగాడు. పేరు అడిగాడు. వర్క్‌షాపులో వాళ్ళు నాకు ఎప్పుడో ట్రావోరే అని ఇంటిపేరు పెట్టేశారు, అక్కడ బయటివాళ్ళకి అలా పెట్టడం సరదా, అదే చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు. ఆయనది కులిబాలి. మాలీలో కొన్ని ఇంటిపేర్లకీ కొన్ని ఇంటిపేర్లకీ మధ్య బావామరదుల సరసం లాంటిది తరతరాలుగా ఉంది, ఎంత మాటన్నా కోపం రాకూడదు. కులిబాలీలని అందరూ బొబ్బర్లు తినేవాళ్ళు అని ఏడిపిస్తారు, వాళ్ళు తిరిగి అదే మాట అంటిస్తారు. దాని లోతు నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, బొబ్బర్లు తింటే తప్పేంటో కూడా తెలీదు, మా ఇంట్లో బొబ్బర్ల వడలంటే ప్రాణం. అంత జ్వరంలోనూ వర్క్‌షాపులో నేర్చుకున్న వాక్యం నోట్లోంచి వచ్చేసింది. ఇ బె షొ దున్, నువ్వు బొబ్బర్లు తింటావు. అంతే, ఆ మనిషి నన్ను చంకల కింద చేతులేసి లేపి, బండి మీద ముందు కూర్చోబెట్టుకుని, వెనకనుంచి రెండు చేతులతో అడ్డుపెట్టి, ఇంజన్ స్టార్ట్ చేశాడు.

క్లినిక్‌లో కరెంటు లేదు. పెద్ద డీజిల్ జనరేటర్ ఎండిపోయి పది రోజులైందట. చిన్నది, పెట్రోలుది, ఒకటుంది, అందులోనూ చుక్క లేదు. నర్సమ్మ ఫోన్ టార్చ్ వెలుగులో నా చేతికి నరం వెతుకుతోంది, మూడుసార్లు గుచ్చింది, దొరకలేదు, ఆ ఫోన్ చార్జింగ్ కూడా అయిపోవచ్చింది. కులిబాలి ఒక్క నిమిషం చూశాడు. బయటికి వెళ్ళాడు. బకెట్లో పారేసిన పాత సెలైన్ పైపు ఒకటి అడిగి తీసుకున్నాడని తర్వాత ఆ నర్సమ్మే చెప్పింది. ట్యాంకులో ఆ పైపు పెట్టి నోటితో పీల్చి, నోట్లోకొచ్చిన పెట్రోలు ఉమ్మేసి, నీళ్ళ సీసాల్లోకి పట్టి, జనరేటర్‌లో పోశాడు. రెండు లీటర్లు. ఆ వారం బమాకోలో రెండు లీటర్లంటే ఏంటో ఇక్కడ కూర్చుని చెప్తే అర్థం కాదు, ఒక మనిషి ఒక రాత్రంతా రోడ్డు మీద పడుకుంటే వచ్చేవి అవి.

బయట తాడు లాగిన చప్పుడు, ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి ఇంజన్ అందుకుంది. బల్బు వెలిగింది. నేను పడుకుని వింటున్నాను. ఇంజన్ ఒకసారి గుయ్‌మని పెరుగుతోంది, ఒకసారి పడిపోతోంది. హంటింగ్ అంటాం మేము దాన్ని. కార్బురేటర్‌లో చెత్త, ఎయిర్ ఫిల్టర్ మార్చి ఏడాది దాటి ఉంటుంది. చావబోతున్నానేమో అని భయపడుతున్న మనిషికి అది తప్ప ఇంకేమీ తట్టలేదు. చోక్ సగం మూయమని వార్డు కుర్రాడికి సైగలతో చెప్పాను, మూశాడు, కుదుటపడింది. నరం దొరికింది. మలేరియాకి ఇచ్చే ఆర్టెసునేట్ ఇంజెక్షన్ పడింది.

రిజిస్టర్‌లో ఈయన నీకేమవుతాడు అని రాసేవాడు అడిగితే కులిబాలి, మావాడే, నా బానిస, అన్నాడట. ఆ సరసంలో అలాగే అంటారు. అందరూ నవ్వారు. నేను ఆయన్ని కోరో అని పిలిచాను, అంటే అన్న. రాత్రంతా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన ఫ్రెంచ్ కొంచెం, నా ఫ్రెంచ్ ఇంకా కొంచెం, మిగతాది చేతులు. ఆయనది నియోనో వైపు. అక్కడ నైజర్ నది మీద మార్కాలా దగ్గర ఫ్రెంచివాళ్ళ కాలంలో ఆనకట్ట కట్టి కాలవలు తవ్వారు, అంతా వరి. మాదీ వరే, మాకూ కాలవ ఉంది, సాగర్ ఎడమ కాలవ అని చెప్పాను, ఎంత అర్థమైందో కానీ, పొలం ఎన్ని బస్తాలు పండుతుంది అని అడిగాడు. రైతు రైతే. 2020లో ఆ వైపు ఫరాబూగూ అనే ఊరిని జిహాదీలు ముట్టడించి దారులన్నీ మూసేసిన దగ్గర్నుంచి ఆ ప్రాంతమంతా కుదేలైందట. జకాత్ అని పన్ను కట్టమని జిహాదీలు వస్తారు, కట్టకపోతే కోతకి వెళ్ళనివ్వరు, కడితే వాళ్ళతో కలిసిపోయారని మిలిటరీ వస్తుంది. పండిన వరిని మడిలోనే వదిలేసి పిల్లల్ని తీసుకుని బమాకో వచ్చాడు, అప్పుచేసి జకార్తా కొన్నాడు. పొలం నుంచి వాళ్ళే వెళ్ళగొట్టారు, ఇప్పుడు పెట్రోలూ వాళ్ళే ఆపారు. ఇది చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

అక్కడి సంగతి నాకు రెండేళ్ళలో అర్థమైంది ఇంతే. 2011లో లిబియాలో గడాఫీ పడిపోయాక ఆ ఆయుధాలూ మనుషులూ ఎడారి దాటి దిగారు, 2012లో ఉత్తరం మొత్తం చేజారింది. 2013లో ఫ్రెంచ్ సైన్యం వచ్చింది, 2022లో వెళ్ళిపోయింది. ఐక్యరాజ్యసమితి దళాలు 2023 చివర సర్దుకున్నాయి. మధ్యలో రష్యా నుంచి వాగ్నర్ అనే కిరాయి సైనికులు వచ్చారు, వాళ్ళూ 2025 జూన్‌లో పేరు మార్చుకున్నారు. 2020లో ఒక సైనిక కుట్ర, 2021లో ఇంకోటి, రెండూ భద్రత పేరుతోనే, 2025లో పార్టీలే రద్దు. వచ్చిన ప్రతివాడికీ వీధిలో జనం జెండాలు ఊపారని మా వర్క్‌షాపు కుర్రాళ్ళే చెప్పేవాళ్ళు, సిగ్గుపడుతూ. ఇంత జరిగాక కూడా ఒక ముసలాయన ట్యాంకులోంచి నోటితో పెట్రోలు పీల్చాల్సి వచ్చింది, నేను చూసింది అది.

తెల్లారాక బయటికి వెళ్ళి సజ్జ గంజి తెచ్చాడు, మోని అంటారు, చిన్న డబ్బాలో. నేను జేబులోంచి ఉన్న డబ్బంతా తీసి చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. మళ్ళీ లైన్లో నిలబడాలి, లేటవుతోంది అని లేచాడు. అంతవరకూ బాగానే ఉన్నాను. ఆ మాటకి ఏడుపొచ్చేసింది, ఆగలేదు, చిన్నపిల్లాడిలా ఎక్కిళ్ళు. ఆయన వంగి నా నెత్తి మీద చెయ్యి పెట్టి, బొబ్బర్లు ఎక్కువ తిన్నావు, అన్నాడు.

మళ్ళీ రెండు రోజులకి వచ్చాడు చూడ్డానికి, అప్పటికి నేను రూముకి వెళ్ళిపోయాను. ఫోన్ నంబర్ తీసుకోలేదు. మొదటి పేరు కూడా అడగలేదు. బమాకోలో కులిబాలి అంటే మన దగ్గర రెడ్డిగారిని వెతికినట్టు. ఇది రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

ఇంట్లోవాళ్ళ సంగతి. మా ఆవిడ, అమ్మ, బామ్మర్ది, ఎవరు చేయాల్సింది వాళ్ళు చేశారు, టికెట్‌కి గాజులు తాకట్టు పెట్టారు, ఇక్కడ థాంక్స్ రాస్తే తిడతారు.

ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 2025 జులై 1న మాలీలోనే కాయ్ దగ్గర ఫ్యాక్టరీ నుంచి ముగ్గురు భారతీయుల్ని ఎత్తుకెళ్ళారు. నవంబర్ 6న కోబ్రీ దగ్గర కరెంటు లైన్ పని చేస్తున్న ఐదుగురిని. ఆ వార్త విన్న రోజు మా రూములో ఎవరూ అన్నం ముట్టలేదు. 2015లో లిబియాలోని సిర్త్‌లో ఎత్తుకెళ్ళిన ఇద్దరు తెలుగు ప్రొఫెసర్లు ఏడాదికి పైగా బందీలుగా ఉన్నారు, అప్పట్లో మన టీవీల్లో ఎంత గోల, తర్వాత ఎవరికి గుర్తుంది? పది పాసవ్వని కూలీ గల్ఫ్‌కి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, బీమా తప్పనిసరి. ఆ జాబితాలో 18 దేశాలున్నాయి, లిబియా ఉంది, సూడాన్ ఉంది, మాలీ లేదు, నైజర్ లేదు, బుర్కినా ఫాసో లేదు. అంటే మమ్మల్ని లెక్క పెట్టేవాడే లేడు. జాగ్రత్తగా ఉండండి, ప్రయాణాలు మానండి అని సలహాలొస్తాయి, సరే, అప్పుడు నా పాస్‌పోర్ట్ కాంట్రాక్టర్ బీరువాలో ఉంది, పర్మిట్ రెన్యువల్ అని నాలుగు నెలల కిందట తీసుకున్నాడు, దాన్ని ఇప్పించే సలహా ఎవరిస్తారు? మలేరియా నుంచి లేచి తొమ్మిది రోజులు ఆఫీసు గుమ్మంలో కూర్చుంటే ఇచ్చాడు, రెండు నెలల జీతం పట్టుకుని. ఏజెంటు హైదరాబాద్‌లో ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. సిటీలో డీజిల్ ఎవడికీ లేదన్నాడు కాంట్రాక్టర్, అతని ఇంటి జనరేటర్ మాత్రం రాత్రంతా నడిచింది, దాన్ని సర్వీస్ చేసింది నేనే.

చాలు. ఇంకొంతమంది ఉన్నారు, మర్చిపోయేలా ఉన్నాను.

నర్సమ్మకి. మూడుసార్లు గుచ్చినందుకు ప్రతిసారీ సారీ చెప్పింది పాపం. ఒడిశా వంట భాయ్‌కి, నాకోసం గ్యాస్ దాచి జావ కాచినందుకు. వాట్సాప్ గ్రూపులో కరీంనగర్ అన్నకి, పాస్‌పోర్ట్ గురించి రోజూ కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసి విసిగించింది ఆయనే, ముందు రాయాల్సింది. అద్దె అడగని ఇంటి ఓనర్ వాళ్ళ అమ్మగారికి, నేను బయల్దేరుతుంటే గేటు దగ్గర నిలబడి అల్లా క సిరా దియా అంది, నీ దారి చల్లగా ఉండాలని. బమాకో సెను ఎయిర్‌పోర్ట్‌లో నా బ్యాగు మోసిన కుర్రాడికి. అడిస్ అబాబాలో చలికి వణుకుతుంటే శాలువా ఇచ్చి తిరిగి తీసుకోకుండా విమానం ఎక్కేసిన పెద్దావిడకి, ఏ దేశమో కూడా తెలీదు. ఎయిర్‌పోర్ట్‌కి కారు పంపిన లెబనాన్ షాపు సేట్‌కి, అయ్యో ఆయన్ని ఇంత కిందకి తోసేశాను, ఆ కారే లేకపోతే విమానమే లేదు.

బమాకోలో ఇంకా ఉన్న మనవాళ్ళెవరైనా ఇది చదివితే, లాఫియాబూగూ వైపు క్లినిక్‌కి వెళ్ళినప్పుడు ఆ చిన్న జనరేటర్‌కి ఎయిర్ ఫిల్టర్ మార్పించండి, కార్బురేటర్ ఒకసారి విప్పి పెట్రోలుతో కడిగితే సరిపోతుంది. పెట్రోలు దొరికినప్పుడు.