వీడియో మధ్యలో దూరే ప్రకటనల గురించి తమ్ముడికి

మెల్‌బోర్న్

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మా నాన్నా బావున్నారని తలుస్తాను.

యూట్యూబ్ ప్రీమియం కట్టినా ప్రకటనలు ఎందుకు వస్తూనే ఉన్నాయని నాన్న అడిగారటగా. ప్రీమియం ఆపేది యూట్యూబ్ వేసే ప్రకటనల్నే. మాట్లాడే మనిషే మధ్యలో ఆగి ఏదో యాప్ గురించి చెప్పడం మొదలుపెడితే, అది వీడియోలో కలిసిపోయిన ముక్క. మామూలు యాడ్ బ్లాకర్లు కూడా దాన్ని తీయలేవు. ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో ఎవరో ఒకరు చూసి గుర్తు పెట్టాలి.

చూసేవాళ్ళు పెట్టిన ఆ గుర్తుల్ని బట్టి ప్రకటనని దాటేసే స్పాన్సర్‌బ్లాక్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఉంది, 2019లో వచ్చింది. నాన్న ఫోన్‌లో యూట్యూబ్ యాప్‌కి అది ఎక్కదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసి, దాని మూడు చుక్కల మెనూలో ఎక్స్‌టెన్షన్స్‌కి వెళ్ళి అక్కడ వెతికి ఎక్కించు. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కితే మళ్ళీ పాత యాప్‌లోకే పోతుంది. అందుకని ఫోన్ సెట్టింగ్స్‌లో యూట్యూబ్ యాప్‌కి లింకులు తెరిచే అనుమతి తీసేసి, ఫైర్‌ఫాక్స్‌నే డిఫాల్ట్ బ్రౌజర్ చెయ్యి.

స్పాన్సర్‌బ్లాక్ సెట్టింగ్స్‌లో 'స్పాన్సర్'నీ, 'సబ్‌స్క్రైబ్ చేయండి, బెల్ కొట్టండి' అనే భాగాన్నీ ఆటో స్కిప్‌లో పెట్టు, వాటంతట అవే దాటిపోతాయి. 'ఫిల్లర్' మాత్రం ముట్టుకోకు, జోకులూ పిచ్చాపాటీ కూడా ఎగిరిపోతాయి. ప్రకటన ఉన్నంత మేర వీడియో కింద జరిగే గీత మీద ఆకుపచ్చ పట్టీ కనిపిస్తుంది. పొరపాటున మంచి ముక్క దాటేస్తే, అప్పుడు వచ్చే చిన్న పెట్టెలో అన్‌స్కిప్ నొక్కమని నాన్నకి ఒకసారి చేసి చూపించు.

తక్కువమంది చూసే తెలుగు వీడియోల్లో పట్టీ కనపడకపోవడం మామూలే. ఎవరూ గుర్తు పెట్టలేదన్నమాట. లాప్‌టాప్ బ్రౌజర్‌లో కూడా ఇదే ఎక్స్‌టెన్షన్ ఎక్కించి నువ్వే పెట్టొచ్చు. ప్రకటన మొదటి మాట దగ్గర సెమికోలన్ కీ నొక్కు, చివరి మాట అయ్యాక మళ్ళీ నొక్కు. పంపేముందు ప్రివ్యూ తప్పకుండా చూడు. ఎక్కువమంది తప్పు చేసేది ఈ అతుకు దగ్గరే: అర సెకను ముందు కోస్తే అసలు వాక్యం తెగిపోతుంది, ఆలస్యంగా కోస్తే కంపెనీ పేరు వినపడుతుంది. ఛానెల్ వాళ్ళు తర్వాత వీడియోని కత్తిరిస్తే పాత సమయాలు పనికిరావు.

టీవీలో ఇదే పని చేసే ఐస్పాన్సర్‌బ్లాక్‌టీవీ అనే ప్రోగ్రామ్ ఉంది, కానీ దానికి ఇంట్లో ఒక కంప్యూటర్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. ప్రస్తుతానికి వద్దులే.

పట్టీ లేని వీడియోకి ఫోన్‌లో ఇంకో ఉపాయం. గీతని వేలితో పట్టుకుంటే కొన్ని వీడియోల్లో పైన అలల్లాంటి బొమ్మ వస్తుంది, జనం ఎక్కువగా చూసిన చోట ఎత్తుగా ఉంటుంది. ప్రకటన దగ్గర పల్లమై, అయిపోగానే లేస్తుంది. ఆ లేచిన చోట వదిలితే చాలాసార్లు సరిపోతుంది.

నాకు ముఖ్యంగా దిగులు బెట్టింగ్ యాప్‌ల గురించే. 2025 మార్చిలో వాటికి ప్రచారం చేసినవాళ్ళ మీద తెలంగాణ పోలీసులు కేసులు పెట్టారు. పాత వీడియోల్లో ఆ ముక్కలు అలాగే ఉండిపోయి ఉండొచ్చు. నమ్మకంగా చూసే మనిషి నోట వింటే నాన్న లాంటివాళ్ళు నమ్ముతారు. ముందు నాన్న రోజూ చూసే ఛానెల్ పాత వీడియోలు తీసి గుర్తులు పెట్టు.

ఉంటాను,
అక్క